నూనె యెవరికి, బొగ్గెవరికి?

ఓరుగల్లు సీమలో మాఘమాసము ముగియవచ్చుసరికి తుది విడత పత్తి యేరుట పూర్తియై, ఆకు రాలి, చేనంతయు నిలువుకట్టెగా మిగులును. ఆ కట్టెలోను, విడువని కాయలలోను దాగిన గులాబిరంగు పురుగు మరుసటి యేటి పైరునకు సంక్రమింపకుండుటకై దానిని వెంటనే తొలగింపవలసినదని వ్యవసాయశాస్త్రజ్ఞులు హెచ్చరించుచుందురు. కూలి గిట్టక, వేరు మార్గము తోచక, రైతు దానికి నిప్పు పెట్టును. ఆ నిప్పునుగూర్చియే ఇద్దరు వియ్యంకుల నడుమ వాదము పుట్టినది. ఒకరు కళాశాలలో చిరకాలము రసాయనశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న ఆచార్యులు. వేరొకరు పత్తియు కందియు పండించు కర్షకులు, చదువరులు, ఎదుటివారి మాటను తూచిగాని యంగీకరింపనివారు.

ఆచార్యుడు: బావగారూ, ఆ మంటను చూచి చేను శుభ్రమగుచున్నదని మీరు తలపోయుచున్నారు గాని, ద్రవ్యము నష్టమగుచున్నదని నేను తలపోయుచున్నాను. ఎకరమునకు ఇంచుమించు ఒక టన్ను కట్టె మిగులునని మీరే చెప్పితిరి. దానిని ఆరుబయట మండించినపుడు అందలి శక్తియంతయు వేడిగాను పొగగాను ఆకాశము పాలగును. అదే కట్టెను ఎండబెట్టి, పొడిచేసి, గాలి చొరని పాత్రలో 500 సెంటిగ్రేడు డిగ్రీల దాపునకు వేడిచేసితిమేని అది మండదు. మండుటకు వలసిన ప్రాణవాయువు అందు లేదు గనుక, కట్టెకు గట్టిదనమిచ్చిన సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్ అను మహాణువులు వేడికి తెగి, చిన్న చిన్న యణువులై, ఆవిరిగా లేచును. ఆ యావిరిని తక్షణమే చల్లార్చినచో చిక్కని గోధుమవన్నె ద్రవము లభించును; ద్రవము కానొల్లని వాయువు వేరుపడి మండించుటకు పనికివచ్చును; పాత్రలో బొగ్గు నిలుచును. ఈ ప్రక్రియకే పైరాలిసిస్ అని పేరు. ఆ ద్రవమే బయో ఆయిల్. మన దేశమున ఏటేట సుమారు 50 కోట్ల టన్నుల పంటవ్యర్థములు పోగగుచున్నవనియు, అందు 9 కోట్ల టన్నులకు పైగా పొలములలోనే కాలిపోవుచున్నవనియు ప్రభుత్వపుటంచనాలు తెలుపుచుండగా, ఒకవంక విదేశములనుండి చమురు తెచ్చుకొనుచు, వేరొకవంక చమురు కాదగినదానిని తగులబెట్టుకొనుట ఏపాటి వివేకము?

కర్షకుడు: వివేకమునుగూర్చి తరువాత విచారింతము. గాలి తగులనీయక కట్టెను మాడ్చుట ఈ నేలకు క్రొత్త విద్య గాదు. అడవియంచులలో బొగ్గుబట్టీలవారు కట్టెను పేర్చి, మట్టి కప్పి, దినముల తరబడి కనిపెట్టుకొనియుండి చేసినది ఇదియే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు దొరకక, వెనుక బొగ్గుకొలిమి తగిలించుకొని, దాని వాయువుతో నడచిన బస్సులనుగూర్చి మా పెద్దలు కథలు కథలుగా చెప్పెడివారు. యుద్ధము ముగిసి పెట్రోలు రాగానే ఆ కొలుములు తుక్కుక్రింద పోయినవి. ఇంతటి పాతవిద్య అక్కరకు వచ్చునదే యైనచో ఇంతకాలము మూలబడియుండుటకు కారణమేమి?

ఆచార్యుడు: పాతదేయని నేనును ఒప్పుకొందును. 1923లో మైసూరు సంస్థానమువారు భద్రావతిలో ఇనుప కర్మాగారమును ప్రారంభించినపుడు, కొలిమికి కావలసిన బొగ్గును అడవికట్టెనుండియే తీయుచు, ఆ వెంట లేచు ఆవిరిని పోనీయక, దానినుండి మిథనాలును తారును రాబట్టుకొనిరి. కాని యా విధానములన్నియు బొగ్గునే ప్రధానఫలముగ నెంచినవి. మెల్లమెల్లగా వేడియెక్కిన కట్టెలో ఇంచుమించు మూడింట నొకవంతు బొగ్గుగా నిలిచిపోవును. నూనె కొలదిగానే దక్కును. 1980వ దశకమున కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయము మొదలగు తావులయందు జరిగిన ప్రయోగములు మార్చినది వేగమును. మన యిండ్లలో పేలాలు వేయించువారు జొన్నలను చల్లని మూకుడులో పోసి నెమ్మదిగా కాచరు; ముందుగా ఇసుకను మిక్కిలి కాచి, అందు గింజలను చల్లుదురు; గింజ మాడుటకు ముందే పేలును. ఇచటను అంతియే. కాగిన యిసుకలో పడిన క్షణముననే కట్టెపొడి విచ్ఛిన్నమగును. లేచిన యావిరి రెండు సెకండ్లకు మించి ఆ వేడిలో నిలువకుండగనే చల్లార్పబడును. ఇట్లు చేసినచో మంచి కొయ్యపొట్టునుండి నూటికి 60 మొదలు 75 పాళ్ళవరకు ద్రవమే వచ్చును. నెదర్లాండ్సు దేశమున హెంగెలో పట్టణమునందు 2015లో పనికి దిగిన కర్మాగారము కాగిన యిసుక పద్ధతిదే. గంటకు 5 టన్నుల కొయ్యవ్యర్థములను గైకొని, ఏటికి సుమారు 2 కోట్ల లీటర్ల నూనె నీయగలుగునట్లు దానిని నిర్మించిరి. ఆ నూనె ఒక పాలకర్మాగారపు బాయిలరులో సహజవాయువునకు బదులుగా మండినది. స్వీడను దేశమునందును 2021లో ఒక కోతమిల్లు ప్రక్కనే ఇట్టి కర్మాగారము వెలసి, తన నూనెను చమురుశుద్ధి కర్మాగారమునకు పంపినది.

కర్షకుడు: మీరు చూపిన రెండు దృష్టాంతములును కొయ్యకు సంబంధించినవే. కొయ్యపొట్టు కోతమిల్లు వాకిట, ఏడాది పొడుగునను, ఒకే తీరుగా కుప్పపడును. నా కట్టె అట్టిది గాదు. అది రెండు నెలల కాలములోనే వచ్చును. ఊరూర, చేనుచేన చెదరి యుండును. వేళ్ళకు మన్నంటి యుండును. బెరడు పీచై మరలకు చుట్టుకొనును. పైగా మా పంటలనుండి మిగులునదంతయు దిక్కులేని సొత్తనుకొనుట పట్టణవాసుల భ్రమ. ఊక రైసుమిల్లు బాయిలరునకు పోవును. చెఱకుపిప్పితో చక్కెరమిల్లు నడచును. వరిగడ్డి పశువులకు మేత. కందికట్టె ఇప్పటికిని కొన్ని యిండ్లలో పొయ్యిక్రింద మండును. ఇక మిగిలినది పత్తికట్టె. దానినుండి నూనె వచ్చుననగానే మా వాండ్రు ట్రాక్టరులో పోసికొనవచ్చునని యాసపడుదురు. పోయవచ్చునా?

ఆచార్యుడు: పోయరాదు, ఈ విషయమున దాపరికమేల? కట్టె తూకములో నూటికి నలుబదిపాళ్ళకు పైబడి ప్రాణవాయువే బంధింపబడియున్నది. విచ్ఛేదము వేగముగా జరిగినపుడు అందలి పెద్దభాగము నూనెలోనికే ప్రవేశించును. అందుచేత ఆ ద్రవమున నాలుగింట నొకవంతు దాక నీరుండును. ఎసిటికామ్లము మొదలగునవి చేరుటచే దాని పి.హెచ్. 2, 3ల నడుమ నిలిచి, సామాన్యపు ఉక్కును తినివేయును, నిలువయుంచినకొలది అందలి యణువులు ఒండొంటితో కూడి చిక్కబడును, డీజిలుతో కలియదు. కిలోగ్రాము నూనెను మండించినచో వచ్చు వేడి 16 మొదలు 19 మెగాజౌళ్ళు. ఫర్నేసు నూనెకు 40కి పైమాట. మీ పత్తికట్టెనుండి కొయ్యపొట్టునుండి వచ్చినంత ద్రవమును రాదు. దాని బూడిదలోని పొటాషియము ఆవిరిని నూనెగా నిలువనీయక, వాయువుగాను బొగ్గుగాను విరుగగొట్టును. టన్నునకు అరటన్ను వచ్చిన మేలనవలెను. అయినను, తుప్పుపట్టని ఉక్కుతొట్లు, తగిన బర్నరు అమర్చుకొన్న బాయిలరులో అది నిక్షేపముగా మండును.

కర్షకుడు: అట్లయిన లెక్క కట్టుదము. టన్ను కట్టెకు అరటన్ను నూనె. ఆ యరటన్నులోని వేడిని ఫర్నేసు నూనెలోనికి మార్చి చూచినచో 200 కిలోల చిల్లరకు సమానము. దానికై నేను కట్టెను పెరికింపవలెను. తేమ నూటికి పదిపాళ్ళకు లోబడునట్లు ఎండనీయవలెను. రెండు మూడు మిల్లీమీటర్ల పొడిగా మరపట్టింపవలెను. యంత్రమున్న తావునకు తోలవలెను. మరకు కరెంటు, బండికి డీజిలు, మనిషికి కూలి, ఇవన్నియు ఆ 200 కిలోల విలువలోనుండియే రావలెను గదా! అమెరికాలో కియోర్ అను సంస్థ మిసిసిపీ రాష్ట్రమందలి కొలంబస్ పట్టణమున, ఉత్ప్రేరకముల సాయముతో కొయ్యనుండి పెట్రోలును డీజిలును తీయుదునని గొప్ప కర్మాగారము కట్టి, 2014లో దివాలా తీసినదని మీరిచ్చిన పుస్తకములోనే చదివితిని. అచట కొయ్యకు కొదవలేదు, ధనమునకు కొదవలేదు; అయినను నిలువలేదు. మేము నిలుతుమా?

ఆచార్యుడు: ఆ సంస్థ పెట్రోలునకే యెగబ్రాకి, చెప్పిన దిగుబడిని సాధింపలేక కూలినది, హెంగెలో కర్మాగారము బాయిలరుతో తృప్తిపడి నిలిచినది. ఆశ యెంత యుండవలెనో ఈ రెండింటిని చూచి నేర్చుకొనవచ్చును. మీరు రవాణానుగూర్చి యాక్షేపించితిరి గాని, నా వాదమునకు ఆయువుపట్టు అదియే. పత్తికట్టెను ట్రాలీపై ఎంత ఎత్తున పేర్చినను అందు సగము గాలియే, తూకమునకు రాదు. నూనెయో, లీటరునకు కిలోకు పైబడి యిన్నూరు గ్రాములు తూగు బరువైన ద్రవము. కనుక కట్టెను దూరమున కర్మాగారమునకు తోలరాదు. నాలుగైదు గ్రామముల నడుమ చిన్న యంత్రమును నిలిపి, కట్టెను అచటనే ద్రవముగా మార్చి, ఆ ద్రవమును ట్యాంకరులో తరలింపవలెను. ఇక నూనె నాణ్యమునకు లోపము ప్రాణవాయువని చెప్పితిని గదా, ఆ లోపమును దీర్పగల వస్తువు మీ గట్టుమీదనే పడియున్నది.

కర్షకుడు: యూరియా సంచులనుగూర్చియా మీరు చెప్పునది?

ఆచార్యుడు: సంచులు, డ్రిప్ పైపులు, మల్చింగ్ షీట్లు, పాలపొట్లములు, నగరమునుండి వచ్చు సంచులు అన్నియు. 2020–21లో మన దేశమున సుమారు 41 లక్షల టన్నుల ప్లాస్టిక్ వ్యర్థము పుట్టినదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. పాలిథిన్‌లో ప్రాణవాయువు లేనేలేదు. తూకమునకు నూటికి 14 పాళ్ళు ఉదజనియే. కట్టెలో ఉదజని ఆరు పాళ్ళు మాత్రమే. పాలిథిన్‌ను పాలిప్రొపిలీన్‌ను ఈ విధముగనే విడగొట్టినచో వచ్చు నూనె డీజిలునకు చుట్టమే. డెహ్రాడూనులోని భారతీయ పెట్రోలియం సంస్థయందు 2019లో నెలకొల్పిన ప్రయోగాత్మక కర్మాగారము దినమునకు ఒక టన్ను ప్లాస్టిక్‌నుండి సుమారు 800 లీటర్ల డీజిలు తీయుటకు ఉద్దేశింపబడినది. ఈ రెండు వ్యర్థములను ఒకే పాత్రలో కలిపితిమేని, ప్లాస్టిక్ తన ఉదజనిని ఎరువిచ్చును, కట్టెయావిరిలోని ప్రాణవాయువు దానితో కూడి నీరై తొలగును, నూనె మేలగును. ఒకదాని కొఱత వేరొకదాని సమృద్ధిచే తీరుట ఎంత యుక్తము!

కర్షకుడు: యుక్తముగనే తోచుచున్నది గాని, ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకేవేళకు ఎదురుపడినపుడుగదా ఎరువు సాగుట! కట్టెయు ప్లాస్టిక్కును ఒకే వేడికి విడివడునా?

ఆచార్యుడు: మీరు రసాయనము చదువకపోవుట రసాయనమునకే నష్టము. విడివడవు. హెమిసెల్యులోజు 300 డిగ్రీలలోపే తెగును. సెల్యులోజు 350 దాపున. పాలిథిన్ 450కి పైగా పోయినగాని కదలదు. మెల్లగా కాచినచో కట్టెయావిరి వెళ్ళిపోయిన పిమ్మటగాని ప్లాస్టిక్ ఆవిరి పుట్టదు. ఒక్కసారిగా కాగిన యిసుకలో వేసినచో రెండును ఇంచుమించు కూడుకొనును. అప్పటికిని జియోలైటు వంటి ఉత్ప్రేరకము మధ్యవర్తిగా నిలిచినగాని ఇచ్చిపుచ్చుకొనుట సంపూర్ణముగా సాగదు. లేకున్నచో చల్లారిన తరువాత ద్రవము రెండు పొరలుగా, క్రింద పుల్లని నీటివంటిది, పైన మైనమువంటిది, విడిపోవుట కద్దు. ఉత్ప్రేరకముపై మసి పేరుకొనుచుండును; దానిని మాటిమాటికి కాల్చి శుద్ధిచేయవలెను. కష్టములున్నవి, అవి యధిగమింపరానివి గావు.

కర్షకుడు: కష్టములను మీకే వదలుదును. నాకు తెలిసినది నా గట్టు. అచట పడియుండునది పాలిథిన్ మాత్రమే కాదు. బోరుబావినుండి పెరికిన పాత పి.వి.సి. పైపుల తునుకలును, మందుసీసాలును, గుట్కా పొట్లములును కలిసియుండును. పి.వి.సి.లో సగమునకు పైగా క్లోరిన్ అని విన్నాను.

ఆచార్యుడు: నూటికి 57 పాళ్ళు. పి.వి.సి. మూడువందల డిగ్రీల దాపుననే హైడ్రోక్లోరికామ్లమును వదలును. అది యంత్రమును తినును, నూనెలో చేరి శుద్ధికర్మాగారమునకు పనికిరాకుండ చేయును. అదుపులేక మండినచోట డయాక్సిన్లకు కారణమగును. పెట్ సీసాలు వేరొక బాధ. వాటినుండి పుట్టు టెరిఫ్తాలికామ్లము ఘనీభవించి గొట్టములను మూసివేయును. అందుచేతనే వేరుచేయుట ముఖ్యమందురు. అది దుర్ఘటమైన పనికాదు. తునుకలను నీటితొట్టెలో వేయుడు, పాలిథిన్, పాలిప్రొపిలీన్ నీటికన్న తేలికగనుక తేలును, పి.వి.సి., పెట్ బరువుగనుక మునుగును. తేలినది మనది, మునిగినది మనది గాదు.

కర్షకుడు: తొట్టె యుపాయము బాగున్నది. పని సులువైనచోటగూడ చేయనివారి మాటయే నాకు భయము. పాత టైర్లను ఇట్లే కాల్చి నూనె తీయు బట్టీలను 2019లో కేంద్ర మండలివారు పరిశీలింపగా, 19 రాష్ట్రములలోని 637 బట్టీలలో 270 నియమములను పాటింపనివని తేలెను. అవి పట్టణములలో వెలసినవి గావు. అడుగువారు లేని గ్రామపు పొలిమేరలలో వెలసినవి. మసి మా పత్తిపై పడిన తరువాత, మీ తొట్టె ఎంత సులువైనదో వివరించి ప్రయోజనమేమి? సరే, అదియు నుండనిండు. నాకు ముఖ్యమైన ప్రశ్న ఇంకను అడుగలేదు. ఇంతసేపు మీరు నూనెను వర్ణించితిరి, వాయువును తలచితిరి. బొగ్గును పాత్రయడుగున విడిచివేసితిరి. అది యెవరికి?

ఆచార్యుడు: బొగ్గు యంత్రమునకే. పాత్రను వేడిచేయుటకు వేడి యెక్కడినుండియో రావలెను గదా! వాయువు ఒక్కటియే చాలదు. హెంగెలోలోను బొగ్గును కాల్చియే ఇసుకను కాచుదురు. మిగిలిన వేడితో ఆవిరియు విద్యుత్తును పుట్టింతురు. మీ కట్టెలోని వేడియే మీ కట్టెను విడగొట్టును. బయటి యింధనము అక్కరలేదు. ఇంతకన్న చక్కని కూర్పేమి?

కర్షకుడు: ఇచటనే మన దారులు చీలిపోవుచున్నవి. నేను నిప్పు పెట్టినపుడు దుర్మార్గమే చేయుచున్నాననుకొనుడు. పొగ పోవును, నత్రజని పోవును, పైపొరలోని సూక్ష్మజీవులు చచ్చును. అయినను బూడిద నా చేనిలోనే పడును. అందలి పొటాషు నా నేలకే చేరును. మీ యంత్రమున కట్టె నా చేను దాటిపోవును. నూనె బాయిలరునకు, వాయువు పొయ్యికి, బొగ్గు ఇసుకకు, తుదకు బూడిద ఎవరి గుంతకో పోవును. నిప్పు పెట్టినవాడు నాకు మిగిల్చినదానిని కూడ మీరు మిగుల్చుటలేదు. మన దేశమునకు పొటాషు సమస్తమును విదేశములనుండియే వచ్చుచున్నది. చమురు దిగుమతిని తగ్గించుటకు పొటాషు దిగుమతిని పెంచుట యేపాటి వివేకమని నేనిప్పుడు మిమ్ము అడుగవచ్చునా?

ఆచార్యుడు: అడుగవచ్చును, సమాధానము చెప్పుట మాత్రము సులభము గాదు. అయితే మీరు కోరునదేమి? కట్టెను దున్నివేయుటయా? అది నేలలో చివుకుటకు కాలము పట్టును. గులాబిరంగు పురుగు భయమును ఉన్నది.

కర్షకుడు: బొగ్గుగా మార్చి నేలకిచ్చుట. హైదరాబాదులోని కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా యనబడునది, పత్తి, కంది, ఆముదము, మొక్కజొన్న కట్టెలను ఇనుపపీపాలలో మాడ్చి బయోచార్ చేయు పద్ధతిని చూపినది. ఒక పీపా, అడుగున రంధ్రములు, పైన మూత. కట్టె మండి మండి, సరియైన క్షణమున మూతపెట్టి మట్టితో మెత్తినచో బొగ్గు మిగులును. ఆ బొగ్గు ఎర్రనేలలో తేమను పట్టి యుంచును. పొటాషు, భాస్వరము అందే నిలుచును. గాలినుండి మొక్క పుచ్చుకొన్న అంగారము ఏండ్ల తరబడి నేలలో దాగును. దీనికి ట్యాంకరు వలదు, జియోలైటు వలదు.

ఆచార్యుడు: ఒప్పితిని, కాని ఆ పీపానుండి లేచు పొగ ఏమగుచున్నది? మూడింట రెండువంతుల కట్టె ఆవిరియై గాలిలో కలియుచున్నది. మీ మంటకన్న అది మేలైనను, ఆ పొగయే నా నూనె. బొగ్గు మీదనియు, పొగ యెవరిదియు కాదనియు భావించుట శాస్త్రమున చెల్లదు. పీపాకు బదులు గొట్టమున్న పాత్రను పెట్టి, బొగ్గును మీకిచ్చి, ఆవిరిని నేను పట్టుకొనినచో మీకేమి అభ్యంతరము?

కర్షకుడు: ఏమియు లేదు. అయితే మీరు ఇందాక వేగమును కీర్తించితిరి. నాకిచ్చునంతటి బొగ్గు రావలెనన్న మెల్లగానే కాచవలె గదా?

ఆచార్యుడు: అవును, అచట నేను కొంత వదలుకొనవలసియున్నది. మెల్లగా కాచినచో మూడింట నొకవంతు బొగ్గు వచ్చును. ఆవిరిలో పెద్దభాగమును పాత్రను కాచుటకే మండించుకొనవలెను. అమ్ముకొనదగిన నూనె స్వల్పమగును. వేగముగా కాచినచో నూనె పుష్కలము, బొగ్గు యంత్రమునకే సరి. రెండును ఒకే కట్టెనుండి సమృద్ధిగా రావు. ఎంచుకొనవలసినదే.

కర్షకుడు: ఆ యెంపికను యంత్రము అమ్మువాడు చేయరాదనియే నా వాదము. మరియొక మాట. ప్లాస్టిక్‌ను కట్టెతో కలిపినపుడు బొగ్గు ఎట్లుండును? నా నేలలో వేయదగినదేనా?

ఆచార్యుడు: తేలిన ప్లాస్టిక్ స్వచ్ఛమైనదేయైనచో అది బొగ్గునకు చేర్చునది స్వల్పము. కాని స్వచ్ఛమైన ప్లాస్టిక్ చెత్తకుప్పలో దొరకదు. రంగులలోని లోహములు, పాత పి.వి.సి. పైపులు వేడికి చెడకుండుటకై చేర్చిన సీసపు లవణములు, అరకొరగా విడివడిన మైనపు పదార్థములు బొగ్గులో చిక్కుకొనవచ్చును. అట్టి బొగ్గును పొలమున వేయుమని నేను చెప్పలేను. సిమెంటు బట్టీలో కాల్చుటకే అది తగును.

కర్షకుడు: కనుక మీరు కట్టెకు ప్లాస్టిక్‌ను తోడిచ్చినపుడు నూనెకు కలిగిన మేలు బొగ్గు సొమ్ముతో కొన్నదే. నూనె మెరుగైనది, బొగ్గు అంటరానిదైనది. అంతేకాదు, ప్లాస్టిక్ భూగర్భతైలమునుండి పుట్టినది, దానినుండి తీసిన నూనెను మండించినచో భూమిలోనున్న అంగారమే ఆకాశమున కెక్కును. దానిని నా కట్టెనూనెతో కలిపి, మొత్తమునకు పచ్చదనపు ముద్ర వేసి, కార్బన్ లెక్కలలో పుణ్యము కట్టుకొనువారు రేపు పుట్టకమానరు. వేరువేరుగానున్న రెంటిని లెక్కింపవచ్చును. కలిసినదానిని లెక్కించుట ఎవరి తరము?

ఆచార్యుడు: మీ వాదము పదునైనదే, కాని అది మీ గట్టుమీది సంచులను మాయము చేయదు. మీ రైతులు వాటిని కట్టెమంటలోనే వేయుదురని నేనెరుగుదును. యంత్రములో కలుపరాదన్నవారు ఆరుబయటి మంటలో కలుపుట న్యాయమా? ఆ బూడిదయు మీ నేలకే గదా చేరుచున్నది?

కర్షకుడు: న్యాయము కాదు; దానిని సమర్థింపను. యూరియా సంచులను ధాన్యమునకును గొడ్లకొట్టమునకును వాడుకొని, చినిగిన పిదప మంటలో వేయుదుము. అమ్మినవాడు తిరిగి కొనినచో వేయము. బాకీ మాది కాదు, అమ్మినవానిది. 2022లో తెచ్చిన నియమములలో ఉత్పత్తిదారులు తమ ప్యాకింగు ప్లాస్టిక్‌కు బాధ్యులని చెప్పియే యున్నారు గదా! ఆ బాధ్యత పట్టణములోని కవరులవద్దనే ఆగక, సంచితోపాటు మా ఊరివరకు రావలెను. మొదట తిరిగి వాడుట, పిదప కరగించి మరల సంచియో పైపో చేయుట. ఆ రెంటికిని పనికిరాని మురికిపొరలను మాత్రమే మీ యంత్రమునకు ఇచ్చుట. అప్పుడు ఆ యంత్రము పట్టణపు దాపున, పొగగొట్టమును కొలుచువారి కన్నులయెదుట ఉండవలెను.

ఆచార్యుడు: అనగా మీ నిబంధనలు ఇవి: కట్టెబట్టీలో ప్లాస్టిక్ కలుపరాదు, బొగ్గు కట్టె యిచ్చిన చేనికే మరలిరావలెను, ప్లాస్టిక్ యంత్రము వేరుగా, తనిఖీకి లోబడి యుండవలెను. మొదటిదానిని రెండవదానితో జోడించినంతవరకు అంగీకరింతును: బొగ్గు నేలకు పోవుచోట కలుపరాదు. కాని బొగ్గు సిమెంటు బట్టీకే పోవుచోట, మున్సిపాలిటీ కొమ్మరెమ్మలను, తోటలనుండి తీసిన ముండ్లకంపను ప్లాస్టిక్‌తో కలిపి కాచుటను నేను మానను. అచట మీ నేలకు వచ్చిన నష్టము లేదు. మూడవదానికి నాకు అభ్యంతరమే లేదు. ఇంతకు మీరు గమనింపని చిక్కొకటి యున్నది. బొగ్గును మరల మీకిచ్చి, నూనెను తగ్గించుకొని, యంత్రమును రెండు నెలలు నడిపి పది నెలలు నిలిపివేసినచో లాభము సన్నగిల్లును. పెట్టుబడి పెట్టువాడు రాడు.

కర్షకుడు: బొగ్గు తిరిగి ఇచ్చినంతమాత్రమున లాభము హరించినచో, ఆ లాభము నూనెనుండి వచ్చినది కాదనియు, నా నేలనుండి తీసినదనియు తేలినట్లే గదా! కట్టెను ఉచితమని, బొగ్గును శూన్యమని లెక్కించినపుడు ఏ యంత్రమైనను గిట్టును.

ఆచార్యుడు: నేలనుండి దొంగిలించినదన్న ధ్వనిని నేనంగీకరింపను. మంటలో ఊరక పోవుచున్నదానిని పట్టుకొనినవాడు దొంగ కాడు. అయినను లెక్కపుస్తకమున బొగ్గునకు ఒక వరుస యుండవలెనన్న మాట న్యాయమైనదే. మా వాండ్రు వ్రాయు ప్రణాళికలలో నూనెకు పుటలు, బొగ్గునకు ఒక పంక్తి. ఆ వరుసలో విలువ యేమని వ్రాయవలెను? మార్కెట్టులో దానికి స్థిరమైన ధర లేదు గదా?

కర్షకుడు: బొగ్గునకు ధర లేకపోవచ్చును, అందున్న పొటాషునకు ఉన్నది. ప్రతి తొలకరికి ఎరువుల దుకాణమువాడు చీటీపై వ్రాసి మరీ వసూలు చేయుచున్నాడు. ఆ చీటీలు నావద్ద నున్నవి. తీసికొనిపోయి మీ ప్రణాళికలో మొదటి పుటలోనే చేర్చుడు.